ఆగవలసిన చోట ఆగే కిరణం

(నెల్లూరులో జరిగిన స్మారక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల్లూరు తీరంలో వైద్యం చేసిన డాక్టరుగారి స్మృతిలో మాట్లాడమని పిలిచినవారు విషయం నన్నే ఎంచుకోమన్నారు. తల, మెడ భాగాల్లో వచ్చే క్యాన్సర్లకు ప్రోటాన్ వంటి కణకిరణాలతో చేసే చికిత్స గురించి చెప్పాలనుకున్నాను. డాక్టరుగారి దగ్గరకు జ్వరమని వెళ్ళినా, మోకాళ్ళ నొప్పులని వెళ్ళినా ముందు నోరు తెరవమనేవారు. టార్చి వేసి బుగ్గల లోపలి వైపు, నాలుక అడుగు, అంగిలి, వెనక చిగుళ్ళు చూశాకే నాడి పట్టుకునేవారు. ఆయన గదిలో పెద్ద యంత్రాలేవీ ఉండేవి కావు. ఈ తీరంలో ఎందరి నోటి క్యాన్సర్‌నో చిన్న పుండుగా ఉన్నప్పుడే పట్టి ఆపరేషన్‌కు పంపిన మనిషి ఆయన. అటువంటి వైద్యుడి పేరున జరిగే సభలో, వైద్యరంగంలోని అత్యంత ఖరీదైన యంత్రాల్లో ఒకదాని గురించి మాట్లాడటం సబబేనా అని ఒకరిద్దరు మిత్రులు అడిగారు. సబబేనని నా నమ్మకం. ఎందుకంటే ఆ యంత్రం పేరు ఇప్పుడు మన పాళేల్లో కూడా వినిపిస్తోంది. నా ఓపీకి వచ్చిన కుటుంబాలు అడుగుతున్నాయి: "సార్, మద్రాసులో ప్రోటాను కరెంటు వచ్చిందంట గదా. అది పెట్టిస్తే మా నాయన బతుకుతాడా? రెండెకరాలుండాయి, అమ్మేస్తాం."

ఆ మాట అడిగే కొడుకు కళ్ళలోకి చూసి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు. కొందరికి ఆ కిరణం నిజంగా కావాలి. చాలామందికి అక్కర్లేదు. ఎవరికి కావాలో తేల్చవలసింది వారి గడ్డ తీరు. వారి పొలం విస్తీర్ణం కాదు. నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఇదే. కాస్త వివరంగా చెబుతాను.

ముందు ఆ ప్రాంతం సంగతి. కనుబొమల నుంచి గొంతు గుంట దాకా కొలిస్తే జానెడున్నర ఉండదు. మనిషి చూసేది, వినేది, మాట్లాడేది, రుచి తెలుసుకునేది, మింగేది, ఊపిరి తీసేది అంతా ఆ జాగాలోనే. కంటి నరం, మెదడు కాండం, వెన్నుపాము పైభాగం, లోపలి చెవి, ఉమ్ము ఊరే గ్రంథులు, దవడ ఎముక, మింగే కండరాలు ఒకదాన్ని ఒకటి ఆనుకుని ఉంటాయి. తొడలో గడ్డ పుడితే చుట్టూ మంచి కండను కొంత కలుపుకుని కోసి తీయవచ్చు. ముక్కు వెనక గాలిగదిలో పుట్టిన గడ్డకూ, కంటి నరానికీ మధ్య ఒక్కోసారి మిల్లీమీటర్లే ఎడం. అక్కడ కత్తికైనా, కిరణానికైనా తప్పుకునే చోటు తక్కువ.

మన దేశంలో ఈ జబ్బు భారం చిన్నది కాదు. 2022 అంతర్జాతీయ అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదే సుమారు 1,43,000 మంది భారతీయులకు కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్లు వచ్చాయి. మన మగవాళ్ళలో అన్ని క్యాన్సర్లలోకీ ఇదే ముందుంది. గొంతు, స్వరపేటిక, టాన్సిల్, నాలుక మొదలు క్యాన్సర్లు దీనికి అదనం. కారణం వెతుక్కుంటూ దూరం వెళ్ళనక్కర్లేదు. బుగ్గన పెట్టుకునే ఖైనీ, గుట్కా, వక్క, చుట్ట, బీడీ, వాటికి తోడు సారా. రాత్రి వేటకు పోయేవాడు నిద్ర ఆపుకోవడానికి బుగ్గన పొగాకు పెట్టుకుంటాడు. కందుకూరు, కలిగిరి, డి.సి.పల్లి వేలం కేంద్రాలకు బేళ్ళు తోలే రైతులున్న జిల్లా మనది. ఆ పంట మీద బతికే కుటుంబాలను నేను తప్పుపట్టను. కానీ ఆ ఆకు మనిషి నోట్లో ఏం చేస్తుందో ఏళ్ళ తరబడి రోజూ చూసినవాణ్ణి, చెప్పకుండా ఉండలేను.

ఉత్తర కోస్తాలో ఇంకో అలవాటు ఉంది. చుట్ట నిప్పు కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చడం, అడ్డపొగ. ఆడవాళ్ళలో ఎక్కువ. దానివల్ల అంగిలికి క్యాన్సర్ వస్తోందని మన ఆంధ్ర వైద్యులు 1957లోనే రాశారు. 1971లో డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, ముంబయి పరిశోధకులతో కలిసి, మన రాష్ట్రంలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి ప్రచురించిన అధ్యయనాన్ని ప్రపంచంలోని నోటి వైద్యులందరూ చదువుకున్నారు. మన పల్లెల నోళ్ళు పాఠ్యపుస్తకాలకెక్కాయి. ఆ నోళ్ళకు వైద్యం మాత్రం అంత వేగంగా చేరలేదు. ఈ బాధ నాకు ఎప్పుడూ ఉంటుంది.

ఇక చికిత్స. నోటి క్యాన్సర్‌కు చాలావరకు మొదటి మందు ఆపరేషన్. ఆ తరువాత అవసరాన్ని బట్టి రేడియేషన్, దానితో పాటు కీమో. గొంతు, స్వరపేటిక వంటి చోట్ల కత్తి పెట్టకుండా రేడియేషన్‌తోనే నయం చేసే ప్రయత్నం చేస్తాం. మనవాళ్ళు కరెంటు పెట్టించుకోవడమని అనేది దీన్నే. కిరణం మోతాదును గ్రేలలో కొలుస్తాం; మొత్తం 60 నుంచి 70 గ్రే. దాన్ని 30, 35 భాగాలు చేసి వారానికి అయిదు రోజుల చొప్పున ఆరేడు వారాలు ఇస్తాం. వేడినీళ్ళలో మెత్తబరిచిన ప్లాస్టిక్ జల్లెడను ముఖానికి అద్ది ముసుగు తయారుచేస్తాం. రోజూ అదే ముసుగు బిగించి, తల వెంట్రుకవాసి కదలకుండా పడుకోబెట్టి కిరణం వదులుతాం. కిరణం నొప్పి పుట్టించదు. నొప్పి రెండో వారం చివర్లో మొదలవుతుంది. నోరంతా పూస్తుంది. గుటక పడదు. కారం సంగతి అటుంచి, మజ్జిగలో ఉప్పు కూడా మంటగా తగులుతుంది. ముక్కులోంచి గొట్టం వేసి రాగిజావ, పాలు, గుడ్డు కలిపిన ద్రవం పంపవలసి వస్తుంది.

చికిత్స అయిపోయాక ఆ పూత తగ్గుతుంది. ఉమ్ము తిరిగి రాకపోవడం అసలు కష్టం. చెవి కింద ఉండే పెరోటిడ్ గ్రంథులు ఎక్కువ కిరణం తింటే ఎండిపోతాయి. ఉమ్ము లేని మనిషి నీళ్ళ సీసా లేకుండా గడప దాటలేడు. రాత్రి నాలుగైదుసార్లు లేచి నోరు తడుపుకుంటాడు. పళ్ళు పుచ్చిపోతాయి. దవడ బిగుసుకుని నోరు తెరుచుకోదు. పుచ్చిన పన్ను పీకిస్తే కింద ఎముక మానకుండా చచ్చుబడే ప్రమాదం ఉంది. నెల్లూరు చేపల పులుసు తిని పెరిగిన మనిషికి, బతికి బయటపడిన తరువాత కూడా ఆ పులుపు, ఆ మామిడికాయ వాసన ఏళ్ళ తరబడి నాలుకకు తెలియకపోవడం ఎంత కష్టమో నాతో ఎందరో చెప్పుకున్నారు. ప్రాణం దక్కింది కదా, ఇంకేం కావాలి అని వైద్యుడు అనకూడదు.

అందుకే వందేళ్ళకు పైగా మా రేడియేషన్ వైద్యుల ఆలోచనంతా ఒక్క సమస్య చుట్టూ తిరిగింది. గడ్డకు కావలసినంత ఇవ్వాలి, పక్కనున్నదాన్ని కాపాడాలి. 1895లో రాంట్‌జన్ ఎక్స్‌రే కనిపెట్టిన మరుసటి ఏడాది నుంచే దాన్ని క్యాన్సర్‌పై వాడటం మొదలుపెట్టారు. పైచర్మం కాలేది, లోపలి గడ్డకు చాలేది కాదు. తరువాత కోబాల్ట్ యంత్రం వచ్చింది. ముత్తులక్ష్మీరెడ్డి గారు 1954లో మద్రాసు అడయారులో తెరిచిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఆ దశాబ్దం చివర్లోనే కోబాల్ట్ చికిత్స మొదలుపెట్టింది. కావలి, నెల్లూరు, గూడూరు స్టేషన్లలో రాత్రి రైలెక్కి తెల్లారేసరికి అడయారు వరుసలో నిలబడిన మనవాళ్ళు ఒక తరం కాదు, మూడు తరాలున్నారు. ఆ సంస్థను 2021 జనవరిలో కన్నుమూసేదాకా కనిపెట్టుకుని ఉన్న డాక్టర్ శాంత గారికి ఈ తీరం చాలా రుణపడి ఉంది.

కోబాల్ట్ తరువాత లీనియర్ యాక్సిలరేటర్లు, కంప్యూటర్ లెక్కలు, ఐ.ఎం.ఆర్.టి. అనే పద్ధతి వచ్చాయి. ఒక్కో దిక్కు నుంచి వచ్చే కిరణాన్ని సన్నసన్న పాయలుగా విడగొట్టి, ఒక్కో పాయకు ఒక్కో బలం ఇచ్చి, గడ్డ ఆకారానికి సరిపోయేలా మలచడం ఇందులో ఉంది. దీని విలువ ఎంతో బ్రిటన్‌లో 94 మందితో జరిగిన పార్‌స్పోర్ట్ పరీక్ష 2011లో తేల్చింది. పాత పద్ధతిలో ఏడాది తరువాత 74 శాతం మందికి ఇబ్బంది పెట్టే స్థాయిలో నోరెండిపోతే, ఐ.ఎం.ఆర్.టి.లో అది 38 శాతానికి దిగింది. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి. ప్రోటాన్ గురించి విన్న తరువాత మామూలు రేడియేషన్‌ను చిన్నచూపు చూసేవాళ్ళకు ఇది జవాబు. ఉమ్మును కాపాడే దారిలో పెద్ద అడుగు ముందే పడింది, ఆ యంత్రాలు మన రాష్ట్రంలోనే ఉన్నాయి.

అయితే ఎక్స్‌రే, గామా కిరణాలకు పుట్టుకతోనే ఒక గుణం ఉంది. అవి కాంతి జాతివి. శరీరంలోకి దిగాక పైనుంచి ఒకటి రెండు సెంటీమీటర్లలో గరిష్ఠ బలం చూపి, అక్కడి నుంచి తగ్గుతూ తగ్గుతూ అవతలి వైపు బయటికి పోతాయి. గడ్డ దగ్గర ఆగమంటే ఆగవు. ఎడమ బుగ్గకు వేసిన కిరణం కుడి చెవి కింది గ్రంథిని కూడా కొంత తాకే పోతుంది. ఎన్ని దిక్కుల నుంచి పంచినా ఆ దాటిపోయే మోతాదు ఎక్కడో ఒకచోట పడవలసిందే.

ప్రోటాన్ అలా కాదు. అది హైడ్రోజన్ పరమాణువు కేంద్రకం. బరువు, విద్యుదావేశం ఉన్న కణం. మన పక్కనున్న శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1 నౌకలో ఆస్పెక్స్ అనే పరికరం ఉంది. సూర్యుడి నుంచి వీచే గాలిలోని ప్రోటాన్లను, ఆల్ఫా కణాలను కొలవడం దాని పని. చికిత్స గదిలో మేం వాడేది ఆ ప్రోటాన్‌నే. కాకపోతే సైక్లోట్రాన్ అనే యంత్రంలో తిప్పి తిప్పి, సౌరపవనంలోని ప్రోటాన్‌కున్న శక్తికి రెండు లక్షల రెట్లకు పైగా ఎక్కించి వదులుతాం. 230 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ కాంతి వేగంలో సుమారు 60 శాతం వేగంతో బయలుదేరి, నీళ్ళలోనైతే 33 సెంటీమీటర్ల దాకా దిగి ఆగిపోతుంది. 70 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులదైతే నాలుగు సెంటీమీటర్లకే ఆగుతుంది. ఎంత శక్తి ఇస్తే అంత లోతు.

ఆగే తీరులోనే దాని గొప్పతనం ఉంది. వేగంగా పోతున్నంతసేపు దారిలోని కణజాలానికి తక్కువ శక్తి ఇస్తుంది. వేగం తగ్గేకొద్దీ ఎక్కువ ఇస్తుంది. చివరి కొద్ది మిల్లీమీటర్లలో మిగిలినదంతా ఒక్కసారి కుమ్మరించి నిలిచిపోతుంది. మైపాడు ఒడ్డున నిలబడి చూసేవాళ్ళకు ఇది కొత్త కాదు. నడిసముద్రంలో పడవ కింద నుంచి అల మెత్తగా సాగిపోతుంది; ఒడ్డు దగ్గర నేల తగిలి వేగం తగ్గేకొద్దీ పైకి లేస్తుంది; విరిగేచోట తన బలమంతా చూపిస్తుంది. కణం విరిగే ఆ చోటును బ్రాగ్ శిఖరం అంటారు. విలియం హెన్రీ బ్రాగ్ ఆస్ట్రేలియాలో ఆల్ఫా కణాలతో పనిచేస్తూ 1904 ప్రాంతంలో దీన్ని గమనించాడు. ఆ శిఖరాన్ని గడ్డ మీద నిలిపితే దాని వెనకనున్న అవయవానికి కిరణం దాదాపు చేరదు కదా అని వైద్యులకు చెప్పినవాడు రాబర్ట్ విల్సన్. అణుబాంబు తయారీలో పనిచేసి వచ్చిన భౌతికశాస్త్రవేత్త ఆయన. హిరోషిమా జరిగిన మరుసటి ఏడాది, 1946లో, మనుషులను బతికించడానికి ప్రోటాన్లను ఎలా వాడవచ్చో వ్యాసం రాశాడు. ఆ వ్యాసం చదివినప్పుడల్లా నాకు ఆ మనిషి మీద గౌరవం పెరుగుతుంది. 1954లో బర్క్‌లీలో మొదటి రోగికి ప్రోటాన్ చికిత్స జరిగింది. పరిశోధనశాలల నుంచి ఆసుపత్రికి రావడానికి మరో 36 ఏళ్ళు పట్టింది. కాలిఫోర్నియాలోని లోమా లిండాలో 1990లో మొదలైంది.

మన దేశానికి 2019 జనవరిలో వచ్చింది. చెన్నై తరమణిలోని అపోలో ప్రోటాన్ క్యాన్సర్ కేంద్రం దక్షిణాసియాలో మొదటిది. దాన్ని ప్రారంభించింది అప్పటి ఉపరాష్ట్రపతి, మన చవటపాలెం బిడ్డ వెంకయ్యనాయుడు గారు. ఆ సంస్థను స్థాపించిన ప్రతాప్ సి. రెడ్డి గారిది చిత్తూరు జిల్లా అరగొండ. అక్కడి సైక్లోట్రాన్ బరువు 220 టన్నులు. దాని నుంచి వచ్చే కిరణాన్ని అయస్కాంతాలతో వంచి మూడు చికిత్స గదులకు పంపుతారు. రోగి చుట్టూ తిరిగే చట్రం ఇల్లంత ఉంటుంది. గడ్డను పొరలు పొరలుగా, చుక్క తరువాత చుక్కగా, పెన్సిల్ మొన లాంటి సన్నని కిరణంతో నింపుకుంటూ పోతారు. నవీ ముంబయి ఖార్ఘర్‌లో టాటా మెమోరియల్ వారి కేంద్రం 2023లో రోగులను తీసుకోవడం మొదలుపెట్టింది. ప్రభుత్వ రంగంలోని ఆ కేంద్రం రావడం నా దృష్టిలో చెన్నై ప్రారంభం కన్నా పెద్ద వార్త. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లే. దూరం మనకు అడ్డు కాదు. పదుల లక్షల్లో ఉండే ఖర్చు అడ్డు.

ప్రోటాన్ కన్నా బరువైన కణాలు కూడా ఉన్నాయి. కార్బన్ కేంద్రకం ప్రోటాన్‌కు 12 రెట్ల బరువు. అది డి.ఎన్.ఏ. రెండు పోగులనూ దగ్గరదగ్గరగా తెంచేస్తుంది, ఆ తెగుడును జీవకణం అతికించుకోలేదు. అదే మోతాదు ఎక్స్‌రే కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ నష్టం చేస్తుంది కనుక, మామూలు రేడియేషన్‌కు లొంగని మొండి గడ్డలపై దాన్ని వాడతారు. జపాన్‌లోని చిబాలో 1994లో మొదలై, తరువాత జర్మనీ, ఇటలీ, ఆస్ట్రియా, చైనాలకు చేరింది. మన దేశానికి ఇంకా రాలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎవరికి కావాలి?

నా అనుభవంలో మొదట గుర్తొచ్చేది అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా. అంగిలిలో, చెవి కింద, ముక్కు గదుల్లో ఉండే ఉమ్ము గ్రంథుల్లో పుడుతుంది. పొగాకుతో పని లేదు. ఏ అలవాటూ లేని నలభై ఏళ్ళ టీచరమ్మకూ రావచ్చు. నెమ్మదిగా పెరుగుతుంది, అందుకే మోసం చేస్తుంది. నరం దొరికితే దాని వెంబడి పాకుతూ, అంగిలి నుంచి పుర్రె అడుగుభాగానికి చేరుతుంది. బుగ్గలో తిమ్మిరి, పైపెదవి మొద్దుబారడం తప్ప పైకి ఏమీ కనిపించదు. అక్కడికి చేరాక కత్తి అంతా తీయలేదు. మామూలు కిరణాల 70 గ్రేలు చాలవు, అంతకు మించి ఇద్దామంటే మెదడు కాండం 54 గ్రేల దగ్గరే హద్దు గీస్తుంది. అటువంటి చోట కార్బన్ గానీ, ప్రోటాన్ గానీ ఇచ్చినప్పుడు గడ్డను అదుపులో పెట్టగలుగుతున్నారని జర్మనీ, జపాన్ వైద్యుల ఏళ్ళనాటి అనుభవం చెబుతోంది. పుర్రె అడుగున పుట్టే కార్డోమాలు, కాండ్రోసార్కోమాలు కూడా ఈ కోవలోవే. కంటిని ఆనుకున్న ముక్కు గదుల క్యాన్సర్లు మరో రకం. ఇక్కడ కిరణం అయిదు మిల్లీమీటర్ల ముందు ఆగిందా లేదా అన్నదాని మీద ఆ మనిషి చూపు ఉండటం, పోవడం ఆధారపడుతుంది.

పిల్లల సంగతి వేరే చెప్పాలి. ముఖంలో, కంటిగూట్లో వచ్చే రాబ్డోమయోసార్కోమాకు రేడియేషన్ ఇవ్వక తప్పదు. అయిదేళ్ళ బిడ్డకు ఒక వైపు దవడ ఎముక మీద కిరణం పడితే ఆ వైపు ముఖం పెరగడం ఆగుతుంది. ఇరవై ఏళ్ళు వచ్చేసరికి ముఖం వంకరపోతుంది. దాటిపోయే కిరణం తగిలిన మంచి కణజాలంలో కొన్ని దశాబ్దాల తరువాత కొత్త క్యాన్సర్ పుట్టే ముప్పు కూడా ఉంది. ఆ బిడ్డకు ప్రోటాన్ ఇవ్వడం విలాసం కాదు. నాకు ఒక్క రోగిని మాత్రమే పంపే వీలుంటే బిడ్డనే పంపుతాను.

ఒకసారి రేడియేషన్ తీసుకున్న చోట మళ్ళీ క్యాన్సర్ వచ్చినవాళ్ళు ఇంకొందరు. వెన్నుపాము తన వాటా ముందే తినేసి ఉంటుంది. రెండోసారి ఇవ్వాలంటే ఆగే కిరణమే మేలు.

ఇక మన తీరంలో వచ్చేవాటిలో ఎక్కువభాగం ఏమిటి? బుగ్గ, చిగురు, నాలుక అంచు. పొగాకు తెచ్చిన స్క్వామస్ సెల్ క్యాన్సర్లు. వీటికి మంచి ఆపరేషన్, ఆపై ఆరు వారాల లోపు మొదలుపెట్టిన ఐ.ఎం.ఆర్.టి. చక్కగా సరిపోతాయి. వీటిలో ప్రోటాన్ ఇస్తే ఎక్కువ మంది బతుకుతారని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. ఒక వైపుకే ఇవ్వవలసి వచ్చినప్పుడు రెండో వైపు గ్రంథులు, నాలుక మిగులుతాయన్నది నిజం, దుష్ఫలితాలు తగ్గవచ్చు. పెద్ద పరీక్షలు జరిగింది గొంతు భాగంలోని ఓరోఫారింక్స్ క్యాన్సర్లలో. అమెరికాలో 440 మందితో చేసిన పరీక్షలో జబ్బు అదుపు విషయంలో ప్రోటాన్ ఏమీ తీసిపోలేదు, పొట్ట గొట్టం మీద ఆధారపడినవాళ్ళు 42 శాతం నుంచి 28 శాతానికి తగ్గారు. బ్రిటన్‌లో 205 మందితో జరిగిన టార్పిడో పరీక్షలో మాత్రం ఏడాది తరువాత రోగుల జీవన నాణ్యతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఎందుకంటే అక్కడ మామూలు రేడియేషన్ తీసుకున్నవాళ్ళే చాలా బాగున్నారు. శ్రద్ధగా చేసిన ఐ.ఎం.ఆర్.టి.ని దాటడం ప్రోటాన్‌కు కూడా సులువు కాదని నాకు దీనివల్ల అర్థమైంది. పైగా ఆ దేశాల్లోని గొంతు క్యాన్సర్లలో ఎక్కువభాగం హెచ్.పి.వి. వైరస్ వల్ల వచ్చేవి, చికిత్సకు బాగా లొంగేవి. ఆ ఫలితాలను మన ఖైనీ బుగ్గకు అలాగే అతికించకూడదు.

ప్రోటాన్‌కు తన ఇబ్బందులు తనకున్నాయి. ఖచ్చితంగా ఆగుతుంది కనుకే లెక్క తప్పితే తప్పు చోట ఆగుతుంది. రోగి నాలుగు వారాల్లో అయిదు కిలోలు తగ్గితే మెడ సన్నబడుతుంది, కిరణం అనుకున్న చోటు దాటి దిగుతుంది. ముక్కు గదిలో నీరు చేరినా, ఖాళీ అయినా లోతు మారుతుంది. పంటిలో వెండి సిమెంటు ఉంటే స్కాన్ బొమ్మ చెదిరి లెక్క పాడవుతుంది. అందుకని మధ్యలో మళ్ళీ మళ్ళీ స్కాన్ తీసి ప్లాను మార్చవలసి ఉంటుంది. చర్మం మీద మంట కొన్నిసార్లు మామూలు రేడియేషన్ కన్నా ఎక్కువే. యంత్రం ఎంత గొప్పదైనా దాని వెనక నిలబడే ఫిజిసిస్టు, టెక్నీషియను, నర్సు, డైటీషియను అంత గొప్పగా ఉండాలి.

కనుక, పొలం అమ్ముతామన్న ఆ కొడుక్కి నేను చెప్పే జవాబు ఇది. నాయనా, మీ నాన్నకు వచ్చింది బుగ్గ క్యాన్సర్. రెండెకరాలు అలాగే ఉంచు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్యసేవగా నడుస్తున్న పథకంలో ఆపరేషన్ ఉంది, రేడియేషన్ ఉంది. నెల్లూరులో రెడ్‌క్రాస్ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, తిరుపతిలో 2022లో టాటా ట్రస్టుల సాయంతో తెరిచిన క్యాన్సర్ ఆసుపత్రి స్వికార్ ఉంది. నువ్వు చేయవలసింది ఒక్కటే. మొదలుపెట్టిన ఏడు వారాలు ఒక్క రోజు కూడా మానిపించకు.

ఈ చివరి మాట దగ్గర కొంచెంసేపు ఆగుతాను. రేడియేషన్ మధ్యలో విరామం వస్తే, మిగిలిన క్యాన్సర్ కణాలు ఆ సందులో మరింత వేగంగా పెరుగుతాయి. తల, మెడ క్యాన్సర్లలో చికిత్స ఒక్కో రోజు సాగదీసినకొద్దీ గడ్డను అదుపు చేసే అవకాశం 1 నుంచి 1.4 శాతం చొప్పున పడిపోతుందని పాత లెక్కలు చెబుతున్నాయి. వారం మానితే పది శాతం దాకా పోయినట్టే. ప్రోటాన్ వల్ల దక్కే లాభం కన్నా ఇది ఎన్నో సందర్భాల్లో పెద్దది. మనవాళ్ళు ఎందుకు మానతారు? నోరు పూసిందని, బస్సు ఖర్చుకు లేదని, పండగ వచ్చిందని, పడవ బయలుదేరుతోందని, రొయ్యల గుంటకు కాపలా లేదని. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. ఆ రోజుల్లో మొదలైన చికిత్సను మనిషి దగ్గరుండి పూర్తిచేసుకోగలడు. మిగతా పది నెలల్లో వచ్చే రోగికి ఆ వెసులుబాటు లేదు. చికిత్స తీసుకునే మత్స్యకారుడికి ఏడు వారాల కూలి, ఆసుపత్రి పక్కన ఒక మంచం, అతనితో ఉండే మనిషికి రెండు పూటల భోజనం. ఇవి ఏర్పాటు చేస్తే ఈ తీరంలో దక్కే ప్రాణాలు ఎక్కువ. సేవాసంస్థలు ముందుకొస్తే ఇది ఈ ఏడాదే చేయగల పని. చికిత్సకు ముందే పళ్ళ డాక్టరుకు చూపించి పుచ్చినవి తీయించడం, రోజూ నోరు తెరిచే వ్యాయామం చేయించడం కూడా ఇందులో భాగమే. ఖర్చు లేని ఈ పనులను చాలాచోట్ల వదిలేస్తున్నారు.

ఆపై, ముందే పట్టుకోవడం. తిరువనంతపురం జిల్లాలో 13 పంచాయతీల్లో జరిగిన పరీక్ష ఫలితాలు 2005లో వచ్చాయి. శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి నోళ్ళు చూశారు, అంతే. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్ళలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. టాటా మెమోరియల్ వైద్యులు 2015లో మరో సంగతి తేల్చారు. తొలిదశ నోటి క్యాన్సర్‌లో నోటి ఆపరేషన్‌తో పాటే మెడలోని గ్రంథులను కూడా తీసేస్తే మూడేళ్ళకు 80 శాతం మంది బతికున్నారు. గ్రంథులు వాచేదాకా ఆగితే 67.5 శాతమే. ఈ రెండూ మన దేశంలో, మన రోగులతో, మన వైద్యులు నేర్చిన పాఠాలు. వీటికి సైక్లోట్రాన్ అక్కర్లేదు. మన రాష్ట్రంలో ఇప్పుడు ఏఎన్ఎంలు, ఆశాలు ఇంటింటికీ వచ్చి నోరు చూస్తున్నారు. వాళ్ళు వచ్చినప్పుడు సిగ్గుపడి నోరు మూసుకోకండి. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మెడలో గడ్డ, తగ్గని బొంగురు గొంతు ఉంటే దాచకుండా చూపించండి.

ఇంత చెప్పిన తరువాత ప్రోటాన్‌ను పక్కన పెట్టమంటున్నానని ఎవరైనా అనుకుంటే నా మాట సరిగా చేరనట్టే. ఆ టీచరమ్మకు, ఆ అయిదేళ్ళ బిడ్డకు అది దక్కాలి. నెదర్లాండ్స్‌లో ఒక పద్ధతి పెట్టారు. ఒకే రోగికి మామూలు రేడియేషన్ ప్లాను, ప్రోటాన్ ప్లాను రెండూ వేసి, నోరెండటం, గుటక పడకపోవడం వంటి కష్టాలు ఎంత తగ్గుతాయో లెక్కగడతారు. తేడా నిర్ణీత హద్దు దాటితే ప్రోటాన్ ఇస్తారు, ఖర్చు బీమా భరిస్తుంది. దాటకపోతే ఎంత ధనవంతుడైనా మామూలు రేడియేషనే. జపాన్ ప్రభుత్వం 2018లో తల, మెడ భాగంలోని కొన్ని అరుదైన క్యాన్సర్లకు కార్బన్ చికిత్సను బీమాలోకి తెచ్చింది, నోటి, గొంతు స్క్వామస్ క్యాన్సర్లను అందులో చేర్చలేదు. డబ్బున్న దేశాలే అంత జాగ్రత్తగా గీత గీసుకున్నాయి. మన దగ్గర ఆ గీతను ఇప్పుడు రోగి జేబు గీస్తోంది. అవసరం లేనివాడు అప్పుచేసి తీసుకుంటున్నాడు, అవసరమున్న బిడ్డ కంటిచూపు పోగొట్టుకుంటోంది. దీన్ని ఒక వైద్యుడిగా నేను సహించలేకపోతున్నాను.

ఇందుకు ప్రభుత్వానికి పెద్ద ఖర్చేమీ కాదు, ఎందుకంటే జాబితా చిన్నది. పుర్రె అడుగు కార్డోమా, కాండ్రోసార్కోమా. అక్కడికి పాకిన అడినాయిడ్ సిస్టిక్. కంటిని ఆనుకున్న ముక్కు గదుల క్యాన్సర్లు. పిల్లల తల, మెడ గడ్డలు. రెండోసారి రేడియేషన్ తప్పనివాళ్ళు. ఈ అయిదు రకాలకు ప్రోటాన్ చికిత్సను రాష్ట్ర పథకంలో చేర్చాలి. నెల్లూరు, తిరుపతి, గుంటూరు, విశాఖ వైద్యులతో ఒక బోర్డు వేసి, వారం వారం ఫిల్ములు చూసి, ఎవరిని పంపాలో ఆ బోర్డే తేల్చాలి. చెన్నైకి, ఖార్ఘర్‌కు పంపే ఒప్పందం ప్రభుత్వమే చేసుకోవాలి. ఆ జాబితాను నియమాలతో సహా రాసివ్వడానికి మేం వైద్యులం సిద్ధంగా ఉన్నాం. వేదిక మీదున్న ప్రజాప్రతినిధులు ఈ విన్నపాన్ని ఆరోగ్యశాఖ మంత్రిగారి దాకా తీసుకెళ్ళాలని, వచ్చే బడ్జెట్ లోపు జవాబు తెప్పించాలని డాక్టరుగారి పేరున చేతులు జోడించి అడుగుతున్నాను.